తాకి చూసే గది: డిజైన్ స్టూడియో పక్కన మెటీరియల్ సేకరణ, పని డైరీ

జూన్ 10

విశాఖలో మా డిజైన్ పిల్లలు చెక్క, లోహం, గుడ్డ లాంటివాటి నమూనాలు చేత్తో తాకి నేర్చుకునే సేకరణకి గది ఖరారైంది. రెండో సంవత్సరం స్టూడియోకీ చెక్క వర్క్‌షాపుకీ మధ్యనున్న స్టోరు రూము. ఇన్నాళ్లూ అందులో పాత డ్రాయింగ్ బోర్డులూ, కాళ్లు విరిగిన స్టూళ్లూ పడేసి ఉంచారు. పొడవు 30 అడుగులు, వెడల్పు 14. అటొక తలుపు, ఇటొక తలుపు. సముద్రం వైపు ఒక కిటికీ ఉంది. దాని సంగతి వేరే చూడాలి.

లైబ్రరీ కింది అంతస్తులో ఏసీ హాలు ఇస్తామన్నారు. మంచి హాలే. అయినా వద్దన్నాను. స్టూడియోలో మోడల్ కడుతూ ఉన్న పిల్లకి "ఇది దేంతో చేస్తే నిలబడుతుంది?" అని అనుమానం వచ్చిందంటే, ఆ అనుమానం తీరే వస్తువు పది అడుగుల్లో దొరకాలి. కిందికి దిగి, రోడ్డు దాటి, బ్యాగు కౌంటర్లో పెట్టి, సంతకం చేసి లోపలికెళ్లాలంటే ఎవరూ వెళ్లరు. ఫోన్లో బొమ్మ చూసుకుని సరిపెట్టుకుంటారు. ఫోన్లో ఇత్తడీ, బంగారు రంగు వేసిన ప్లాస్టిక్కూ ఒక్కలాగే ఉంటాయి.

ఇలాంటి సేకరణ కొత్త ఆలోచనేమీ కాదు. ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని పిలుస్తున్న లండన్ మ్యూజియం 1852లో మొదలైందే పనివాళ్లకీ, డిజైన్ నేర్చుకునేవాళ్లకీ మంచి నమూనాలు కళ్లముందు పెట్టడానికి. జర్మనీలోని బౌహౌస్ డిజైన్ బడిలో జోసెఫ్ ఆల్బర్స్ అనే మాస్టారు మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు ఉట్టి కాగితం పెట్టి, జిగురూ గిగురూ లేకుండా దాని బలమేంటో మీరే తేల్చండి అనేవాడు. మన దగ్గర కొత్త సంగతి ఒక్కటే. గాలిలో ఉప్పు.

జూన్ 26

ఈ వారమంతా స్టాకు రిజిస్టరుతోనే సరిపోయింది. బయటివాళ్లకి ఇది చిన్న విషయంగా కనబడొచ్చు గానీ, నా లెక్కలో ఈ ప్రాజెక్టు బతుకుతుందా లేదా అన్నది ఇక్కడే తేలాలి.

విశ్వవిద్యాలయంలో ఏ వస్తువు కొన్నా రెండు రిజిస్టర్లలో ఒకదానికి ఎక్కాలి. వాడితే అయిపోయేవి కన్‌జ్యూమబుల్, మన్నేవి నాన్-కన్‌జ్యూమబుల్. రెండో దాంట్లోకి ఎక్కినవాటిని ఏటా ఒక్కొక్కటీ లెక్క చూస్తారు. కనబడకపోతే ఇన్‌చార్జి సమాధానం చెప్పుకోవాలి. ఆ టెన్షన్‌తోనే ఎన్నో చోట్ల మంచి మంచి నమూనాలు బీరువాల్లో తాళం వెనక ఉండిపోతాయి. పిల్లలు అద్దంలోంచి చూస్తారు, నాలుగేళ్లకి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతారు. ఆ వస్తువు బరువెంతో, అంచు పదునో మొద్దో వాళ్లకి తెలియనే తెలియదు.

అందుకని సేకరణని మూడు భాగాలు చేశాం. కోసేవి, తాకేవి, ఉంచేవి. కోసేవాటిని పిల్లలు రంపం పెట్టి కోసుకోవచ్చు, కాల్చొచ్చు, యాసిడ్‌లో వెయ్యొచ్చు. తాకేవాటిని చేతుల్లోకి తీసుకోవచ్చు, స్టూడియోకి పట్టుకెళ్లొచ్చు, సాయంత్రానికి తిరిగి పెట్టాలి. అరిగితే అరుగుతాయి. ఉంచేవి ఒక్క బీరువాకి సరిపడా మాత్రమే. మళ్లీ దొరకని వస్తువులు, పెద్దవాళ్లు ఇచ్చినవి. మొదటి రెండు భాగాలూ కన్‌జ్యూమబుల్‌లోకి ఎక్కించమని అడిగాను.

అకౌంట్స్ ఆఫీసరుగారు కళ్లద్దాలు తీసి, "ఇత్తడి చెంబు కన్‌జ్యూమబుల్ ఎలా అవుతుందమ్మా?" అన్నారు.

"సుద్దముక్క ఎలా అవుతుందో అలాగే సార్. పాఠం చెబుతుంటే అరుగుతుంది."

ఆయన కాసేపు ఆలోచించి, ఆ మాట నోట్ ఫైల్లో రాసి పంపమన్నారు. రాశాను. సంతకమై వచ్చింది. ఆ కాగితం జిరాక్సు గది తలుపు వెనక అంటించాను. రేపు నా స్థానంలో వచ్చేవాళ్లకి అది అందరికంటే ముందు కావాలి.

జులై 8

ర్యాకుల కోసం, లోహం ముక్కల కోసం ఆటోనగర్ అంతా తిరిగాం. ర్యాకులకి గాల్వనైజ్డ్ స్లాటెడ్ యాంగిల్, అంటే జింకు పూత వేసిన, బోల్టు రంధ్రాలున్న యాంగిల్ తీసుకున్నాం. మామూలు ఇనుముకి పెయింటు వేసినవి చవకే గానీ, బోల్టు పెట్టిన చోట పెయింటు గీరుకుపోతుంది, ఈ ఊళ్లో ఒక్క వానాకాలం చాలు అక్కడినుంచి తుప్పు పాకడానికి.

"ఊళ్లోనే స్టీల్ ప్లాంటు ఉంది కదా మేడమ్, రేకు అక్కడే కొనేద్దాం" అన్నారు పిల్లలు. ఇది మన ఊరి పిల్లలందరికీ తెలియాల్సిన సంగతి. విశాఖ ఉక్కు చేసేది పొడుగు సరుకు. స్లాబుల్లో వేసే కడ్డీలు, వైర్ రాడ్, యాంగిళ్లు, చానెళ్లు. బీరువాకీ, ఫ్రిజ్‌కీ, కారు బాడీకీ వాడే రేకు ఇక్కడ తయారవదు. వేరే ఊళ్లనుంచి చుట్టలుగా వస్తుంది. అందుకే మా ర్యాకుల్లో కూడా రెండూ వేరు వేరు అరల్లో ఉంటాయి. రోల్ చేసిన పొడుగు సరుకు ఒకచోట, రేకు ఒకచోట. ఏ ఆకారం ఎక్కడ పుడుతుందో తెలియకుండా కుర్చీ కాలు డిజైన్ చేయడం కుదరదు.

టీఎంటీ కడ్డీ ముక్కతో చేసిన పని నాకు బాగా నచ్చింది. అంగుళం ముక్క కోయించి, కోసిన ముఖాన్ని ఎమెరీ కాగితం మీద గరుకు నుంచి నున్న దాకా వరసగా రుద్దాం. మెకానికల్ విభాగం మెటలర్జీ ల్యాబ్‌లో నైటాల్ ఉంది. స్పిరిట్‌లో కొద్దిగా నైట్రిక్ యాసిడ్ కలిపిన ద్రావకం. దూదితో అద్దాం. క్షణాల్లో ముఖం మసకబారింది, ఆపైన అంచు చుట్టూ నల్లటి వలయం ఒకటి తేలింది, మధ్యలో లేతగా గుండ్రటి భాగం. ఎర్రగా కాలిన కడ్డీ మీద నీళ్లు చిమ్మితే పైపొర గట్టిపడుతుంది, లోపలి వేడి ఆ పొరని కాస్త మెత్తబరుస్తుంది, నడుమ సాగే గుణం అలాగే ఉండిపోతుంది. ఇంట్లో స్లాబు వేసేటప్పుడు అందరూ చూసిన కడ్డీయే. లోపల ఇలా రెండు రకాల ఉక్కు ఉంటుందని ఆ ల్యాబ్‌లో నిలబడ్డవాళ్లలో చాలామందికి అప్పుడే తెలిసింది. ముక్క మీద పల్చగా లక్కర్ కొట్టి తాకే అరలో పెట్టాం.

జులై 20

ఘనాలు వచ్చేశాయి. అన్నీ ఒకే కొలత, 5 సెంటీమీటర్ల భుజం. థర్మోకోల్, టేకు, యాక్రిలిక్, అల్యూమినియం, ఉక్కు, ఇత్తడి. పరిమాణం ఒక్కటే, 125 ఘన సెంటీమీటర్లు. అల్యూమినియంది 340 గ్రాములకి కాస్త తక్కువ, ఉక్కుది 980, ఇత్తడిది కేజీ దాటింది. టేకు ముక్క సుమారు 80. ఈ అంకెలు పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. కళ్లు మూసుకుని కుడిచేతిలో అల్యూమినియం, ఎడమచేతిలో ఇత్తడి పట్టుకున్న పిల్లకి మాత్రం ఆ పట్టిక మళ్లీ చూడాల్సిన పని పడదు.

చల్లదనం గురించి వాదన వచ్చింది. లోహపు ఘనాలు చెక్క కంటే చల్లగా ఉన్నాయి కాబట్టి వాటి ఉష్ణోగ్రత తక్కువేనని సగం క్లాసు. తాకించే ప్రోబ్ ఉన్న థర్మామీటర్ పెట్టి చూపించాం. అన్నిటిదీ గది ఉష్ణోగ్రతే. లోహం మన చేతి వేడిని చకచకా లాగేసుకుంటుంది కాబట్టి చల్లగా తోస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడొద్దు, మెరిసే లోహం మీద అది సరైన అంకె చూపదు. గన్ పక్కనే కార్డు మీద ఈ మాట రాసి పెట్టాం.

జులై 29

ఉప్పు గాలికి ఏ లోహం ఎంత నిలుస్తుందో చూడడానికి టెర్రస్ మీద పరీక్ష పలకలు బిగించాం. సముద్రానికి ఎదురుగా వాలుగా ఒక ఫ్రేమ్, దాని మీద అరచేయంత ముక్కలు: మైల్డ్ స్టీల్, గాల్వనైజ్డ్ రేకు, 304 స్టెయిన్‌లెస్, 316 స్టెయిన్‌లెస్, అల్యూమినియం, ఇత్తడి, పౌడర్ కోటింగ్ వేసిన రేకు. కోటింగ్ మీద కావాలనే మేకుతో ఒక గీత గీశాం. ఒక్కో ముక్కకీ ప్లాస్టిక్ వాషర్లు పెట్టాం. రెండు వేరు లోహాలు తగులుకుని ఉంటే ఉప్పు తేమలో ఒకటి రెండోదాన్ని తినేస్తుంది, అప్పుడు పరీక్ష చెడిపోతుంది. ప్రతి ముక్కకీ జోడీ ముక్క లోపల, మూత బిగించిన డబ్బాలో ఉంది, పక్కపక్కన పెట్టి చూడడానికి.

ఆగస్టు 4

ఏటికొప్పాక. ఊరు విశాఖకి 65 కిలోమీటర్ల దూరంలో, వరాహ నది ఒడ్డున. లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగుల నుంచి మళ్లీ సహజ రంగుల వైపు ఊరిని నడిపించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇవి అందరికీ తెలిసిన విషయాలే. మేం వెళ్లింది బొమ్మలు కొనడానికి కాదు, బొమ్మ పూర్తి కాకుండా మధ్యమధ్యలో ఆపేసిన ముక్కలు కొనడానికి.

ఒక పనివారింట్లో కూర్చున్నాం. ఆయన అంకుడు కర్ర ముక్కని లేత్‌కి బిగించి ఉలి ఆనించారు. అంకుడు తెల్లటి, మెత్తటి చెక్క, పొట్టు తాడులా పొడుగ్గా లేచి వస్తుంది. ఆకారం కుదిరాక ఉలి పక్కన పెట్టి, పసుపు రంగు లక్క కడ్డీ తీసి తిరిగే చెక్కకి అదిమారు. రాపిడి వేడికే లక్క కరుగుతుంది, వేరే మంట అక్కర్లేదు. మొదట మచ్చలు మచ్చలుగా, గరుకుగా అంటుకుంది. అప్పుడు మొగలాకు ముక్క మడిచి, దాని మీద వేళ్లతో నొక్కిపట్టారు. ఆ మచ్చలన్నీ కదిలి, పరుచుకుని, మనం చూస్తూ ఉండగానే ఒకే పొర అయ్యాయి. నాప్‌కిన్‌తో తుడవలేదు, పాలిష్ పెట్టలేదు. ఆకు ఒక్కటే.

రంగుల సంగతి కూడా అడిగి రాసుకున్నాం. పసుపు నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. రంగు కలిపిన లక్కని వేడి మీద సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి కడ్డీలు చేస్తారు.

నేను అడిగినవి విని ఆయన, "సగంలో ఆపేసినవి ఎవులు కొంటారమ్మా?" అన్నారు.

"మేమే కొంటాం బాబూ. పూర్తయిన బొమ్మ ధరకే."

పూర్తి ధర ఇవ్వడం గురించి ఆఫీసులో ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం సిద్ధంగా ఉంది. చేతిలో ఊపు వచ్చాక ఆపి, విప్పి, పక్కన పెట్టి, మళ్లీ కొత్త ముక్క బిగించడం ఆయనకి ఎక్కువ పని. సగం వస్తువుకి సగం ధర అని మనం లెక్కేస్తే ఆ నష్టం ఆయన నెత్తిన పడుతుంది.

తెచ్చినవి: బెరడుతో ఉన్న కొమ్మ, బెరడు తీసి ఆరబెట్టినది, గుండ్రం పట్టినది, ఆకారం తీసినది, లక్క మచ్చలుగా అంటిన దశలో ఆపినది, మొగలాకుతో నున్న చేసినది. వీటితోపాటు తొందరగా ఆరి పగిలిన ముక్క ఒకటి అడిగి తీసుకున్నాను. ఆయన ఇవ్వడానికి మొహమాటపడ్డారు, పనితనం తక్కువని అనుకుంటారేమోనని. పగిలింది ఎండ తప్పే గానీ చేతి తప్పు కాదని కార్డు మీద రాస్తామని చెప్పాక ఇచ్చారు. మొత్తం ఈ వరస ఒక పలక మీద, ఒక్కోటీ ఊడదీసి చేతిలోకి తీసుకునేలా కొయ్యమేకులకి తొడిగి పెడతాం.

ఈ గదిలో అన్నిటికంటే విలువైన రకం ఇదే అనుకుంటున్నాను. పూర్తయిన వస్తువు తన తయారీని దాచేస్తుంది. మధ్యలో ఆగిన వస్తువు చూపిస్తుంది.

ఆగస్టు 22

లేజర్ కటర్‌కి ముందు కొత్త నియమం: రాగి తీగ పరీక్ష పాసవ్వని ప్లాస్టిక్ మిషన్‌లోకి వెళ్లదు.

స్టేషనరీ షాపుల్లో సన్‌బోర్డు అని అమ్మేదాంట్లో చాలావరకు పీవీసీ ఫోమ్. రెక్సిన్ కూడా గుడ్డ మీద పీవీసీ పూతే. పీవీసీని లేజర్ కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. తేమతో కలిస్తే అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పిల్లల ఊపిరితిత్తులకి హాని, మిషన్ పట్టాలూ, లెన్సు బిగింపులూ తినేస్తుంది. యాక్రిలిక్, సన్‌బోర్డు రెండూ తెల్లగా, నున్నగా ఉంటాయి. చూసి చెప్పడం కష్టం.

పరీక్ష ఇలా చేస్తున్నాం. ఆరుబయట, కళ్లద్దాలు పెట్టుకుని, రాగి తీగని మంటలో ఎర్రగా కాల్చాలి, మంటలో రంగు ఏమీ లేకుండా పోయేదాకా. ఆ వేడి తీగ ప్లాస్టిక్‌కి తాకిస్తే కాస్త అంటుకుంటుంది. మళ్లీ మంటలో పెడితే, క్లోరిన్ ఉంటే మంట ఆకుపచ్చగా మారుతుంది. సన్‌బోర్డుకి పచ్చటి మంట స్పష్టంగా వచ్చింది, యాక్రిలిక్‌కి మామూలు పసుపు మంటే. మొదటి సంవత్సరం పిల్లలు గుంపుగా చేరి, తమ బ్యాగుల్లో ఉన్న ప్రతి ప్లాస్టిక్ ముక్కనీ పరీక్షించమన్నారు. ఐడీ కార్డు కవరు కూడా.

కోసే అరలో ఇప్పుడు ప్లాస్టిక్‌లన్నీ రెండు రంగుల డబ్బాల్లో ఉన్నాయి. ఎర్ర డబ్బాలోవి కత్తితోనే కోయాలి.

సెప్టెంబరు 7

ప్లైవుడ్. ఇక్కడ కాస్త గట్టిగా రాయాలి.

మామూలు కమర్షియల్ ప్లైకి భారత ప్రమాణం ఐఎస్ 303, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైకి ఐఎస్ 710. రెండో దాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడకూడదు. ఊళ్లో ఒక షాపు నుంచి 710 ముద్ర ఉన్న షీటు తెచ్చాం. ధరా దానికి తగ్గట్టే ఉంది. మా వర్క్‌షాపు మేస్త్రీ దాన్ని కోస్తూ కోస్తూ ఆపేసి, అంచు వేలితో తడిమి, "మేడమ్‌గారూ, ఇదేటి, లోపల సందులున్నాయి. మెరైన్ అయితే ఇలాగుండదు" అన్నారు. ఆయన చెయ్యి ముందు చెప్పింది, పరీక్ష తర్వాత చెప్పింది. రెండు ముక్కలు, ఒకటి ఆ షీటుది, ఒకటి మేస్త్రీ నమ్మే చోటు నుంచి తెచ్చినది, హాస్టల్ నుంచి అడిగి తెచ్చిన పెద్ద గిన్నెలో మరగబెట్టాం. మొదటిది సాయంత్రానికే అంచుల దగ్గర నోరు తెరిచింది. రెండోదాన్ని మూడు రోజులూ నీళ్లు పోస్తూ మరగనిచ్చాం. పొర కదలలేదు.

షీటు వెనక్కిచ్చేశాం. ఉడికిన ముక్కలు మాత్రం రెండూ తాకే అరలో పక్కపక్కన ఉన్నాయి, ముద్ర కనబడేలా. డబ్బు పెట్టి మోసపోయే ఇంటివాళ్ల కోసం రేపు ఈ పిల్లలే వంటగదులు డిజైన్ చేస్తారు. ముద్ర చూసి ఊరుకోకుండా అంచు చూడడం ఇప్పుడే అలవాటు కావాలి.

కార్డుల నమూనా కూడా ఈ వారమే ఒప్పుకున్నాం. పేరు ఇక్కడి జనం పిలిచేదే పైన, ఇంగ్లీషు పేరు కింద. ఎక్కడ దొరుకుతుంది, ఏ వీధి, కొన్న రోజు ధర. దేంతో కోయాలి, దేంతో అతకాలి. చివరి గడి: ఎలా పాడవుతుంది. ఆ గడి నింపకుండా ఏ వస్తువూ అరలోకి రాదు. కంపెనీ బ్రోచర్లలో మిగతావన్నీ ఉంటాయి, అది ఒక్కటీ ఉండదు.

సెప్టెంబరు 18

బట్టల సొరుగులు. పొందూరు ఖాదీ మా సేకరణకి గుండెకాయ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన విద్యార్థిని ఒకమ్మాయి సెలవులకి వెళ్లి, పత్తి నుంచి గుడ్డ దాకా దశలన్నిటి నమూనాలూ తెచ్చింది. వాటిలో వాలుగ చేప దవడ ఉంది. దాని సన్నటి పళ్లతోనే పత్తిని దువ్వుతారు, పొట్టూ చెత్తా పోయి పోగులు ఒక దిక్కుకి తిరిగేదాకా. దవడ ఎముక అరచేతిలో పట్టేంతే. పళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే గోరు మీద నెమ్మదిగా లాగితే సన్నటి గీతల వరస పడుతుంది. ఇది ఉంచే బీరువాలోకి వెళ్లాలా, తాకే అరలోకా అని చర్చ జరిగింది. ఆ అమ్మాయే తేల్చింది: "తాకాలి మేడమ్. మా ఊళ్లో రోజూ వాడేదే కదా." తాకే అరలోకే వెళ్లింది. ఇంకొకటి బీరువాలో ఉంది.

గుడ్డల్ని ఉతికిన కోరా బట్టలో చుట్టి పెడుతున్నాం. మడత ఒకేచోట ఉండిపోతే పోగులు తెగుతాయి కాబట్టి, మడతలు మార్చే పని మూడో సంవత్సరం వాళ్లకి నెలవారీగా ఇచ్చాం.

అక్టోబరు 12

2014లో ఇదే తేదీన హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద విరుచుకుపడింది. కిటికీ గురించి నిర్ణయం తీసుకోవడానికి ఇంతకంటే గుర్తుచేసే రోజు లేదు. అద్దాలకి బయటివైపు కొక్కేలు బిగించి, కిటికీ కొలతకి 12 ఎంఎం మెరైన్ ప్లై పలక కోయించి, దాని మీద "కిటికీ" అని పెద్దక్షరాలతో రాసి తలుపు పక్కనే నిలబెట్టాం. వాయుగుండం వార్త వస్తే ఎవరైనా, వాచ్‌మన్ అయినా, పది నిమిషాల్లో బిగించగలగాలి. కింది అర నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉంది. అందులో రాళ్లు, ఇటుకలు తప్ప ఏమీ పెట్టం.

మామూలు రోజుల్లో ఇబ్బంది గాలిలో తేమే. గదిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ 80 శాతం దగ్గర తిరుగుతోంది. డీహ్యూమిడిఫయర్ పెట్టాక, తలుపులు మూసి ఉంటే 60కి దిగుతోంది. త్రీడీ ప్రింటర్ ఫిలమెంట్ చుట్టలన్నీ రబ్బరు అంచున్న డబ్బాల్లోకి, సిలికా జెల్‌తో సహా మారాయి. తేమ పీల్చిన పీఎల్ఏ (ఆ చుట్టల్లోని ప్లాస్టిక్) నాజిల్ దగ్గర చిటపటమంటుంది, ప్రింటు గరుగ్గా, పోగులు పోగులుగా వస్తుంది. అలా వచ్చిన కప్పునీ, ఆరబెట్టిన చుట్టతో చేసిన కప్పునీ కూడా అరలో పెట్టాం. ఇంకో సంగతి: పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మోడల్‌ని ఎండలో పార్క్ చేసిన కారులో వదిలేసి, మోడళ్లని పరీక్షించే జ్యూరీకి రావద్దు.

అక్టోబరు 25

పాత ఊళ్లో ఒక కుటుంబం వాళ్లు కబురు చేశారు. తాతల నాటి పెట్టె, దంతపు పని, కాలేజీకి ఇస్తామని.

18వ శతాబ్దంలో, ఆ తర్వాత కూడా, విశాఖపట్నం పేరు యూరప్ దాకా తెలిసింది ఇలాంటి పెట్టెలతోనే. చెక్క మీద దంతపు పలకలు అతికి, వాటి మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇక్కడి పని ఉంది. మన పిల్లల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు, అది నాకు బాధగా ఉంది.

అయినా పెట్టె తీసుకోలేదు. దంతం విషయంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కఠినమైనది. 1986 సవరణతో దేశీ దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం దిగుమతీ నిలిచిపోయాయి. అటవీ శాఖని అడిగి, కాగితాలు సరిచూసుకుని మీ దగ్గరే జాగ్రత్తగా ఉంచుకోండని ఆ పెద్దావిడకి చెప్పాం. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, పెట్టె తెరిచి, తీరిగ్గా గీసుకోనిచ్చారు. దగ్గరగా చూస్తే గీతలన్నీ ఒకే లోతు కావు. ఆకు అంచు దగ్గర లోతుగా, ఈనె దగ్గర వెంట్రుకవాసి. లక్క కొన్నిచోట్ల రాలిపోయి ఖాళీ గీత తెల్లగా కనబడుతోంది.

తిరిగొచ్చాక తెల్ల యాక్రిలిక్ పలక మీద లేజర్‌తో అలాంటి లతే చెక్కి, నల్ల లక్క కరిగించి నింపి, చల్లారాక బ్లేడుతో పైన గీరేశాం. లేజర్ గీతలన్నీ ఒకే లోతు వచ్చాయి. లత ప్రాణం లేనట్టు కనబడింది. మూడో సంవత్సరం కుర్రాడొకడు ఫైల్‌ని నాలుగు లేయర్లు చేసి, ఒక్కోదానికీ వేరే పవర్ పెట్టి మళ్లీ చెక్కాడు. ఈసారి చాలా దగ్గరికి వచ్చింది. రెండు పలకలూ, మేం గీసుకొచ్చిన బొమ్మలూ ఒక సొరుగులో పెట్టాం. స్టూడియో, ల్యాబ్, సేకరణ మూడూ ఒకే పనిలో కలవడం ఈ ప్రాజెక్టు మొదలయ్యాక ఇదే మొదటిసారి.

నవంబరు 9

మొదటి సంవత్సరం వాళ్లకి చెంబు పాఠం. అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చెంబుని మంచి డిజైన్‌కి ఉదాహరణగా ఎత్తి చూపారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ మొదలైంది. ఈ కథ ప్రతి డిజైన్ కాలేజీలో స్లైడు మీద చెబుతారు. మేం శ్రీకాకుళం జిల్లా బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబు, స్టీలు చెంబు, ప్లాస్టిక్ మగ్గు బల్ల మీద పెట్టి, మూడింటినిండా నీళ్లు పోసి, తడి చేత్తో ఎత్తమన్నాం. అంచు కింద వేళ్లు ఎక్కడ ఆగుతున్నాయో సుద్దతో గుర్తు పెట్టమన్నాం. చెంబు మెడ దగ్గర అందరి గుర్తులూ ఒకే చోట పడ్డాయి. తర్వాత ఒకమ్మాయి చెంబుని నెత్తిన పెట్టుకుని, రెండు అడుగులు వేసి, దింపి, నడుము మీద పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే. దాని అడుగు ఎందుకు గుండ్రంగా ఉందో మిగతావాళ్లకి అప్పుడు తట్టింది.

ఇత్తడి చెంబుకి సొట్ట పడింది. రిజిస్టరులో ఏమీ రాయక్కర్లేదు.

నవంబరు 21

టెర్రస్ పలకలు దింపి చూశాం. మైల్డ్ స్టీల్ పూర్తిగా ఎర్రబడి పొరలు లేస్తోంది. పౌడర్ కోటింగ్ బాగానే ఉంది, గీత గీసిన చోట మాత్రం తుప్పు కోటింగ్ కిందికి పాకి బొబ్బలు కట్టింది. 304 మీద టీ మరకల్లాంటి గోధుమ రంగు మచ్చలు. 316 శుభ్రంగా ఉంది. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుని అదే తట్టుకుంటుంది. బీచ్ రోడ్డులో రెయిలింగుకి కొటేషన్ ఇచ్చేవాళ్లు ఏ గ్రేడో రాయకపోతే అడిగి తీరాలని కార్డులో చేర్చాం. పలకల్ని మళ్లీ బిగించేశాం, వేసవి దాకా ఉండాలి.

ఇంకా మిగిలినవి: ఉంచే బీరువాలో వస్తువులకి నంబర్లు వేయాలి. వస్తువు మీద నేరుగా ఇంకు వేయకుండా పారలాయిడ్ బీ-72 అనే పారదర్శక రెసిన్ పూత ఒకటి, దాని మీద నంబరు, పైన మళ్లీ పూత. ఎసిటోన్‌తో ఎప్పుడైనా చెరిపేయొచ్చు. రాళ్ల అర సగం ఖాళీ. ఇక్కడి కొండల రాయి కొండలైట్ ముక్కలు రోడ్డు పనివాళ్లు పగలగొట్టిన చోటు నుంచి వచ్చాయి. మట్టి నమూనాలు పునాది గోతుల నుంచే తీసుకుంటాం, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి గుప్పెడు కూడా తేవద్దని పిల్లలకి గట్టిగా చెప్పాం. అది రక్షిత భౌగోళిక వారసత్వ స్థలం. గాజు, పింగాణీ ఇంకా మొదలే పెట్టలేదు. గది సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉంచాలని రెండో సంవత్సరం వాళ్లు అర్జీ పెట్టారు. వంతులు వేసుకుని తామే కూర్చుంటామన్నారు. పేర్ల జాబితా తయారవుతోంది. తాళం ఒకటి వర్క్‌షాపు మేస్త్రీ దగ్గర, ఒకటి స్టూడియో గోడకి కొక్కేనికి.